మార్జిన్ అంకె మీ రిస్కు కాదు: ఆప్షన్లు అమ్మే మిత్రుడికి ఒక లెక్క

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్రోకర్ దగ్గర 12 లక్షల మార్జిన్ (పొజిషన్లకు పూచీగా ఉంచే డబ్బు) ఉంది, సగం నగదు, సగం తాకట్టు పెట్టిన ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు. వారం వారం నిఫ్టీలో స్ట్రాంగిల్ అమ్ముతారు. అంటే సూచీకి పైన కాస్త దూరంలో ఒక కాల్ (ముందే అనుకున్న ధరకు కొనే హక్కు), కింద కాస్త దూరంలో ఒక పుట్ (ముందే అనుకున్న ధరకు అమ్మే హక్కు) అమ్మి, రెండింటి ధరా కరిగిపోయేదాకా ఎదురుచూస్తారు. ఆరు లాట్లు. 14 నెలల్లో 12 నెలలు లాభమే. మీ రోజువారీ లాభనష్టాలు ఎక్సెల్‌లో వేసి 95 శాతం వీఏఆర్ (వాల్యూ ఎట్ రిస్క్) కడితే రూ.18 వేలు వచ్చింది. ‘పెట్టుబడిలో ఒకటిన్నర శాతం రిస్కుతోనే నడుస్తున్నాను కదా, లాట్లు పెంచవచ్చా? ఏడాదిలో ఉద్యోగం మానేయవచ్చా?’ అన్నది మీ ప్రశ్న.

నేను 20 ఏళ్లకు పైగా బ్రోకరేజి సంస్థల్లో రిస్కు విభాగంలో పనిచేశాను. మార్జిన్ చాలని ఖాతాలను మూసే బల్ల దగ్గర కూర్చున్నవాణ్ని. కాబట్టి సమాధానం ముందే చెబుతాను: లాట్లు పెంచవద్దు. ఇప్పుడున్న ఆరే ఎక్కువ. ఎందుకో అంకెలతో చెబుతాను, ఒప్పుకోవాలో లేదో మీ ఇష్టం.

మొదట ఆ 18 వేల సంగతి. వీఏఆర్ పుట్టిందే పెద్ద బ్యాంకుల కోసం. జేపీ మోర్గాన్ అధిపతి డెన్నిస్ వెదర్‌స్టోన్ రోజూ సాయంత్రం నాలుగుంపావుకు బ్యాంకు మొత్తం రిస్కు ఒక్క కాగితం మీద కావాలన్నాడు. ఆ పని కోసం పెరిగిన పద్ధతినే 1994లో రిస్క్‌మెట్రిక్స్ పేరుతో బయటివారికీ ఇచ్చారు. వందల రకాల బాండ్లు, కరెన్సీలు, షేర్లు ఉన్న పుస్తకానికి, అంటే పొజిషన్ల మొత్తానికి, అది పనికొచ్చే కొలత. అక్కడ ఒకచోట పోయింది ఇంకోచోట కొంత వస్తుంది. మీ పుస్తకంలో ఉన్నది ఒకే సూచీ, ఒకే వారం, రెండు ఆప్షన్లు. రెండూ అమ్మినవే.

పైగా 95 శాతం అంటే ఏమిటి? 20 రోజుల్లో 19 రోజులు నష్టం 18 వేలు దాటదు. ఆ ఇరవయ్యో రోజున ఎంత పోతుందో వీఏఆర్ చెప్పదు. 19 వేలు పోవచ్చు, తొమ్మిది లక్షలూ పోవచ్చు, రెండింటికీ వీఏఆర్ ఒకటే. 14 నెలలంటే దాదాపు 290 ట్రేడింగు రోజులు. అందులో 14 రోజులు గీత దాటి ఉంటాయి. ఆ 14 రోజుల నష్టాలకు సగటు తీయండి. దాన్నే ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్ అంటారు. బ్యాంకుల ట్రేడింగు పుస్తకాలకు బాసెల్ కమిటీ తెచ్చిన కొత్త నియమాలు కూడా 99 శాతం వీఏఆర్‌ను వదిలి 97.5 శాతం ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్‌కు మారాయి. గీత దాటాక ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న అని వాళ్లకు 2008 సంక్షోభం తర్వాత తెలిసివచ్చింది.

మీ లెక్కలో ఇంకో లోపం ఉంది, ఇది చాలామంది చేసేదే. మీరు కొలిచింది మీ గతాన్ని. ఆ 14 నెలల్లో కొన్ని వారాలు రెండు లాట్లు, కొన్ని వారాలు నాలుగు, కొన్ని రోజులు అసలు పొజిషనే లేదు. సెలవు మీద ఊరికి వెళ్లిన రోజుల సున్నాలు కూడా ఆ సగటులో కలిసి ఉన్నాయి. చేయవలసింది వేరే. ఈ రోజు చేతిలో ఉన్న ఆరు లాట్లు తీసుకుని, నిఫ్టీ ఇన్నేళ్లలో చూసిన ప్రతి కదలికనూ దాని మీద వేసి చూడాలి.

వేద్దాం. నిఫ్టీ 25,000 దగ్గర ఉందనుకోండి. ఎక్స్‌పైరీకి, అంటే ఆప్షన్ గడువు తీరడానికి, ఏడు రోజులు. 24,400 పుట్ 28 రూపాయలకు, 25,600 కాల్ 14 రూపాయలకు అమ్మారు. మొత్తం 42. లాటుకు 65 చొప్పున ఆరు లాట్లంటే 390. చేతికి వచ్చే ప్రీమియం రూ.16,380. మీరు రాసిన ‘వారానికి పదహారు వేలు’ ఇదే. కింది ధరలు ఆప్షన్ ఫార్ములాతో నేను వేసినవి. నిజం మార్కెట్లో ఇంకాస్త అటూ ఇటూ ఉంటాయి, కంగారు రోజున పైకే ఎక్కువ.

మర్నాడు నిఫ్టీ 3 శాతం కింద, 24,250 దగ్గర తెరుచుకుంది. ఒడుదొడుకుల అంచనా (ఏడాది లెక్కన) 14 శాతం నుంచి 22 శాతానికి పెరిగింది. మీ 28 రూపాయల పుట్ ఇప్పుడు దాదాపు 354. కాల్ మూడు రూపాయలకు పడిపోయింది, సంతోషం. నికరంగా 315 పాయింట్లు, అంటే రూ.1,22,850 నష్టం. ఏడున్నర వారాల ప్రీమియం ఒక ఉదయానికి పోయింది.

6 శాతం పడితే? నిఫ్టీ 23,500, ఒడుదొడుకులు 30. పుట్ 976కు చేరుతుంది. నష్టం దాదాపు రూ.3,65,000. ఇది 22 వారాల సంపాదన, పెట్టుబడిలో 30 శాతం. మీ వీఏఆర్ 18 వేలు.

13 శాతం పడితే రూ.10 లక్షలు దాటుతుంది. 2020 మార్చి 23న నిఫ్టీ సరిగ్గా అంతే, 12.98 శాతం, పడి 7,610 దగ్గర ముగిసింది. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ వారానికి ప్రీమియంలు అప్పటికే ఉబ్బి ఉన్నాయి, ఎవరూ రెండున్నర శాతం దూరంలో 28 రూపాయలకు పుట్ అమ్మి ఉండరు. కాబట్టి పది లక్షల అంకెను అక్షరాలా తీసుకోనక్కరలేదు. కానీ 3 శాతం, 6 శాతం అంకెలను మాత్రం తీసుకోవాలి, ఎందుకంటే అవి వచ్చేది ప్రశాంతమైన వారాల్లోనే.

ఈ లెక్కలో నష్టం మొత్తం కంటే నేను ఎక్కువగా చూసే విషయం ఇంకోటి ఉంది. పొజిషన్ పెట్టిన రోజున మీ డెల్టా (నిఫ్టీ ఒక పాయింటు కదిలితే పొజిషన్ విలువ ఎంత మారుతుందో చెప్పే అంకె) దాదాపు సున్నా. నిఫ్టీ కాస్త పెరిగినా తగ్గినా మీకు పట్టదు. 3 శాతం పడ్డాక ఆ పుట్ డెల్టా 0.12 నుంచి 0.59కి మారింది. 390తో గుణించండి: 230. అంటే ఆ ఉదయం మీరు మూడున్నర లాట్ల నిఫ్టీ ఫ్యూచర్స్ కొనిపెట్టుకున్న మనిషితో సమానం. కూలుతున్న మార్కెట్లో 55 లక్షల రూపాయల సరుకు కొన్నట్లు. మీరు కొనలేదు, నిద్రపోతున్నారు. గామా అంటే ఇదే. పుస్తకాల్లో ‘డెల్టా మారే వేగం’ అని రాస్తారు. అమ్మినవాడికి అర్థం కావలసింది ఏమిటంటే, పడేకొద్దీ తన పొజిషన్ దానంతటదే పెద్దదవుతుందని.

వేగా, అంటే ఒడుదొడుకుల అంచనా మారితే ఆప్షన్ ధర ఎంత మారుతుందో, అదీ రూపాయల్లో చూడండి. మొదటి రోజున మీ స్ట్రాంగిల్ మీద ఒడుదొడుకుల అంచనా ఒక్క పాయింటు పెరిగితే దాదాపు రూ.4,500 నష్టం. ఆ అంచనాను కొలిచే సూచీ ఇండియా వీఐఎక్స్ అయిదు పాయింట్లు ఎగిరితే 22 వేలకు పైమాట. నిఫ్టీ అంగుళం కదలకుండానే వారం ప్రీమియం కంటే ఎక్కువ పోతుంది. బడ్జెట్‌కు ముందు, ఎన్నికల ఫలితాలకు ముందు ‘సూచీ ఎక్కడిదక్కడే ఉంది, నాకెందుకు నష్టం చూపిస్తోంది?’ అని అడిగే ఫోన్లు లెక్కలేనన్ని ఎత్తాను.

ఇక మార్జిన్. ‘ఎక్స్ఛేంజీ అంతా లెక్కగట్టే మార్జిన్ అడుగుతుంది కదా, అది కట్టగలిగితే రిస్కు అదుపులో ఉన్నట్లే’ అని మీరు రాశారు. ఎక్స్ఛేంజీ వాడే స్పాన్ పద్ధతి షికాగో మర్కంటైల్ ఎక్స్ఛేంజీ 1988లో తెచ్చినది. ధర ఇంత కదిలితే, ఒడుదొడుకులు ఇంత మారితే అని 16 సందర్భాలు ఊహించి, వాటిలో గరిష్ఠ నష్టాన్ని మార్జిన్‌గా తీసుకుంటుంది. పైన ఎక్స్‌పోజర్ మార్జిన్ వేస్తారు. పద్ధతి మంచిదే. కానీ ఆ డబ్బు ఎవరి కోసం? మీరు నష్టం కట్టలేకపోతే క్లియరింగ్ కార్పొరేషన్ మునగకుండా. మీ నుంచి మిగతావారిని కాపాడటానికి కట్టించుకున్న డబ్బును మీకు రక్షణ అనుకుంటున్నారు.

మీ స్క్రీన్‌లో మార్జిన్ వాడకం 95 శాతం. 3 శాతం పతనం రోజున జరిగేది చూడండి. పుట్ ధర పెరిగిన మేరకు మార్జిన్ అవసరం పెరుగుతుంది. ఒడుదొడుకులు పెరిగినందుకు స్పాన్ కూడా పెరుగుతుంది. అదే ఉదయం మీరు తాకట్టు పెట్టిన ఈక్విటీ ఫండ్ల విలువ తగ్గుతుంది. మూడూ ఒకే కారణంతో, ఒకే రోజున. బ్యాంకు లాకర్‌లో ఉందనుకున్న బంగారం కూడా తగలబడుతున్న ఇంట్లోనే ఉన్నట్లు తెలిస్తే ఎలా ఉంటుంది? అప్పుడు మా బల్ల మీద మీ ఖాతా ఎర్రగా వెలుగుతుంది. మీకు సందేశం వెళుతుంది. మీరు మీటింగులో ఉంటారు. గడువు దాటితే మా రిస్కు విభాగం (ఆర్‌ఎంఎస్) కుర్రవాడు దొరికిన ధరకు మీ పుట్లు కొనేస్తాడు. అతడికి మీ మీద పగ లేదు, అతడి ముందు అలాంటి ఖాతాలు ఇంకా చాలా ఉన్నాయి. మధ్యాహ్నానికి నిఫ్టీ సగం కోలుకోవచ్చు, మీ ఖాతా మాత్రం కోలుకోదు.

ఇది ఊహ కాదు. 2025 ఏప్రిల్ 7న నిఫ్టీ ముగింపు పతనం 3.24 శాతం. కానీ ఉదయం తెరుచుకున్నది దాదాపు 5 శాతం కింద. ముగింపు ధరలతో వీఏఆర్ కట్టినవారి పట్టికలో ఆ రోజు 3.24గానే ఉంటుంది. ఉదయం 9.15కు మార్జిన్ చాలక బయటపడ్డవాడికి అది 5.

స్టాప్‌లాస్ (ధర ఒక హద్దు దాటితే పొజిషన్ మూయడానికి ముందే పెట్టే ఆర్డరు) ఉంది కదా అంటారు. 2021 సెప్టెంబరు నుంచి ఎన్‌ఎస్‌ఈలో ఆప్షన్లకు స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డరు లేదు, లిమిట్ ఆర్డరే పెట్టాలి. 28కి అమ్మిన పుట్‌కు 60 దగ్గర ట్రిగ్గర్, 65 దగ్గర లిమిట్ పెట్టారనుకోండి. ధర 354 దగ్గర తెరుచుకుంటే ఆర్డరు లేస్తుంది, 65కు అమ్మేవాడు ఎవడూ ఉండడు, అలాగే వేలాడుతుంది. మెల్లగా జారే మార్కెట్లో స్టాప్‌లాస్ మంచి పనిముట్టు. రాత్రికి రాత్రి దూకే మార్కెట్‌కు అది తాళం వేయని తలుపు.

2024 జూన్ 3, 4 తేదీలు నా ఉద్యోగ జీవితంలో మరవలేనివి. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరింది, 23,263 దగ్గర ముగిసింది. కాల్స్ అమ్మినవారు దెబ్బతిన్నారు. మా ఖాతాదారుల్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు, విశ్రాంత ఇంజినీరు, ఏడెనిమిదేళ్లుగా ఆప్షన్లు అమ్ముతున్న అనుభవజ్ఞుడు. ఆ సాయంత్రం ఆయన కాల్స్ నష్టానికి మూసి, ఆ నష్టం పూడ్చుకోవడానికి పుట్లను పైకి, సూచీకి దగ్గరగా జరిపాడు. లాట్లు కూడా ఒకటిన్నర రెట్లు చేశాడు. మార్కెట్ భాషలో దీన్ని సర్దుబాటు అంటారు. నేను ఫోన్ చేసి ‘రేపు లెక్కింపు సార్’ అన్నాను. ‘ఫలితం తెలిసిపోయింది కదండీ, ఇంకేం లెక్కింపు’ అన్నాడాయన.

మర్నాడు నిఫ్టీ 1,379 పాయింట్లు, 5.93 శాతం, పడింది. మధ్యలో 21,281 దాకా వెళ్లింది, అది ఎనిమిదిన్నర శాతం. పదకొండు గంటల ప్రాంతంలో ఆయన ఖాతా స్క్రీన్ నా ముందు ఉంది. అమ్మిన పుట్లలో కొన్ని స్ట్రైకుల (ఆప్షన్‌లో ముందే అనుకున్న ధరల) దగ్గర కొనుగోలు ధరకూ అమ్మకపు ధరకూ మధ్య 40, 50 రూపాయల తేడా ఉంది. మామూలు రోజున ఆ తేడా అయిదు పైసలు, పది పైసలు. 20 లాట్లు మూయాలంటే ఒక్కో ముక్కా ఒక్కో ధరకు. ఏ పట్టికలోనూ లేని నష్టం అది. ఆయన ఫోన్‌లో ఒక్కటే అడిగాడు: ‘ఇంకో అరగంట ఆగలేరా?’ ఆగడం నా చేతిలో లేదు. ఆయన ఏడేళ్ల లాభం ఎంతో నాకు తెలియదు గాని, ఆ రోజు పోయింది మాత్రం ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ. మిగతాది తరువాత తెచ్చి కట్టాడు.

ఆయన తప్పు అంచనా తప్పడం కాదు, అంచనాలు అందరివీ తప్పుతాయి. నష్టం వచ్చాక, దాన్ని పూడ్చడానికి, సైజు పెంచడం. 1995లో బేరింగ్స్ బ్యాంకును ముంచిన నిక్ లీసన్ కథలోనూ ఇదే మలుపు ఉంది. జపాన్ నిక్కీ సూచీ కదలదన్న నమ్మకంతో స్ట్రాడిల్స్ (ఒకే స్ట్రైకు దగ్గర కాల్, పుట్ రెండూ) అమ్మి పెట్టాడు. జనవరి 17న కోబెలో భూకంపం వచ్చింది. సూచీ పడుతుంటే ఫ్యూచర్స్ కొంటూ పోయాడు. 82.7 కోట్ల పౌండ్లు పోయాయి, 1762 నాటి బ్యాంకు ఒక్క పౌండుకు అమ్ముడుపోయింది.

పైకి పోయేటప్పుడు ఇంత వేగం ఉండదని మీరు కాల్స్ సంగతి తేలిగ్గా తీసుకున్నట్లున్నారు. సాధారణంగా నిజమే. 2009 మే 18న మాత్రం ఎన్నికల ఫలితాల తరువాత మార్కెట్ తెరిచిన క్షణాల్లో పై సర్క్యూట్ (సూచీ మరీ ఎగిరితే వ్యాపారం ఆపే హద్దు) తగిలింది. కాసేపు ఆపి మళ్లీ తెరిస్తే మళ్లీ తగిలింది, ఆ రోజుకు వ్యాపారం మూసేశారు. నిఫ్టీ 17.74 శాతం పైన. కాల్స్ అమ్మినవాడికి కొనడానికి కనీసం నిమిషమైనా దొరకలేదు. క్రూడాయిల్ వైపు వెళతామనేవారికి ఇంకోటి: 2020 ఏప్రిల్ 20న సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో లాక్‌డౌన్ వల్ల వ్యాపారం సాయంత్రం అయిదుకే ముగిసింది, అప్పటికి బ్యారెల్ ధర రూ.965. రాత్రి అమెరికాలో ధర సున్నా కిందికి పోయింది. ఇక్కడ పరిష్కార ధర మైనస్ రూ.2,884. కొన్నవాడికి గరిష్ఠ నష్టం సున్నా దాకానే అన్న సూత్రం ఆ రాత్రి చెల్లలేదు.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. స్ట్రాంగిల్ అమ్మిన ప్రతిసారీ రెక్కలు కొనండి, అంటే ఇంకాస్త దూరంలో ఒక పుట్, ఒక కాల్. పై ఉదాహరణలో 24,000 పుట్ 9 రూపాయలకు, 26,000 కాల్ 3 రూపాయలకు దొరుకుతాయనుకుందాం. మీకు మిగిలేది 42 కాదు, 30. బదులుగా నిఫ్టీ ఎక్కడికి పోయినా లాటుకు గరిష్ఠ నష్టం 370 పాయింట్లు, అంటే రూ.24,050. ఇది ఐరన్ కాండర్, మీకు తెలిసిందే. 12 రూపాయలు దండగ అని మీరు మానేసిందీ ఇదే.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. రెక్కలు కొనగానే మార్జిన్ బాగా తగ్గుతుంది. ‘మార్జిన్ మిగిలింది కదా’ అని ఆరు లాట్లు 18 చేస్తారు. 18 లాట్ల గరిష్ఠ నష్టం రూ.4,32,900. అంటే రెక్కలు కొని కూడా, ఏ రక్షణా లేకుండా 6 శాతం పతనంలో పోయేదానికంటే ఎక్కువ పోగొట్టుకునే ఏర్పాటు చేసుకున్నట్లు. లాట్ల సంఖ్యను మార్జిన్‌తో ఎప్పుడూ నిర్ణయించవద్దు.

వెనక్కి లెక్కగట్టండి. ఒక్క వారంలో, అన్నీ ఎదురు తిరిగితే, ఎంత పోయినా నిద్ర పడుతుంది? 12 లక్షల్లో 5 శాతం అనుకుందాం, 60 వేలు. దాన్ని 24,050తో భాగించండి. రెండు లాట్లు. రెండున్నర వస్తుంది, పైకి సవరించకండి. రెండు లాట్ల మీద వారానికి గరిష్ఠంగా వచ్చేది రూ.3,900, అందులోంచి బ్రోకరేజి, ఎస్‌టీటీ, జీఎస్‌టీ పోవాలి. తక్కువని ముఖం చిట్లిస్తున్నారని తెలుసు. ఆ 12 లక్షలు నిజంగా మోయగలిగిన వ్యాపారం పరిమాణం అది. పదహారు వేలు వచ్చిన వారాల్లో మిగతా పన్నెండు వేలు మీరు అరువు తెచ్చుకున్నవి.

గెలుపు శాతం గురించి కూడా ఒక మాట. 30 రావడానికి 370 పణంగా పెట్టే పందెంలో, ఓడినప్పుడల్లా పూర్తిగా ఓడితే, లాభనష్టాలు సమానం కావడానికే నూటికి 92.5 సార్లు గెలవాలి. మధ్యలో మూసేస్తారు కాబట్టి అంత అవసరం ఉండదు. అయినా 14 నెలల్లో 12 అంటే 86 శాతం. నెలల లెక్కా వారాల లెక్కా ఒకటి కాదు, మీ వారాల శాతం తీసి చూసుకోండి.

రోజూ సాయంత్రం వేయవలసిన పట్టిక ఒక్కటే. నిలువున నిఫ్టీ కదలిక: మైనస్ 10, మైనస్ 6, మైనస్ 3, సున్నా, ప్లస్ 3, ప్లస్ 6, ప్లస్ 10 శాతం. అడ్డంగా వీఐఎక్స్: ఉన్నట్లే, ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. 21 గడులు. ప్రతి గడిలో రూపాయలు, శాతాలు కావు. శాతం చూస్తే మనిషికి భయం వేయదు. పక్కన ఇంకో వరుసలో ఆ కదలిక తరువాత మీ డెల్టా ఎంతో, మార్జిన్ ఎంత కావాలో రాయండి. బ్రోకర్ల సైట్లలో మార్జిన్ కాలిక్యులేటర్ ఉంటుంది, ఆప్షన్ ధరలకు ఎక్సెల్ సరిపోతుంది. మీరు రోజంతా కోడ్ రాసేవారు, అరగంట పని.

ఆ పట్టికకు పక్కన చర్యలు రాసి ఉంచాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కు మూడోది. ఏ అంకెకు ఎవరిని తరలించాలో వరద రాకముందే రాసి ఉంటుంది, నీళ్లు గుమ్మంలోకి వచ్చాక సమావేశం పెట్టరు. మీరూ అంతే. పొజిషన్ నష్టం వచ్చిన ప్రీమియానికి సమానమైతే సగం మూయాలి. రెండింతలైతే మొత్తం మూయాలి, ఆ వారానికి మళ్లీ కొత్త పొజిషన్ పెట్టకూడదు. నెల నష్టం పెట్టుబడిలో 6 శాతం దాటితే నెలాఖరు దాకా సెలవు. ఈ అంకెలు నావి. మీవి మీరు పెట్టుకోండి, కానీ మార్కెట్ మూసి ఉన్నప్పుడు పెట్టుకోండి. మార్కెట్ నడుస్తున్నప్పుడు మార్చుకున్న నియమం ఏదీ మీ మేలు కోసం మార్చింది కాదు.

మార్జిన్ వాడకం 60 శాతం దాటనివ్వవద్దు. తక్కిన 40 శాతం నగదుగానో లిక్విడ్ ఫండ్‌గానో ఉండాలి, ఈక్విటీ ఫండ్ల తాకట్టుగా కాదు. ఎన్నికల ఫలితాలు, బడ్జెట్, రిజర్వు బ్యాంకు సమీక్ష, మూడు రోజుల సెలవులు ఉన్న వారాల్లో సగం సైజు, లేదా అసలు వద్దు.

ఎక్స్‌పైరీ రోజు గురించి ప్రత్యేకంగా. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు సూచీకి 50 పాయింట్ల దూరంలో ఉన్న ఆప్షన్ ఎనిమిది రూపాయలకు అమ్మి, ‘గంటలో సున్నా’ అనుకోవడం ఇష్టమైన ఆట. 100 పాయింట్ల కదలిక చాలు, ఎనిమిది కాస్తా 50 దాటుతుంది. తుది పరిష్కారం చివరి క్షణం ధర మీద కాదు, చివరి అరగంట సగటు మీద అన్నది చాలామంది మరిచిపోతారు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ కూడా 2024 నవంబరు 20 నుంచి ఎక్స్‌పైరీ రోజున అమ్మిన సూచీ ఆప్షన్ల మీద 2 శాతం అదనపు మార్జిన్ వేసింది. ముందురోజు సరిపోయిన మార్జిన్ ఆ ఉదయం చాలకపోవడానికి కారణం అదే. నా మాట వింటే సోమవారమే మూసేయండి, ఆఖరి మూడు నాలుగు రూపాయలు వేరేవారికి వదిలేయండి.

మార్కెట్ రిస్కు కాని రిస్కులూ ఉంటాయి, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 2021 ఫిబ్రవరి 24న ఎన్‌ఎస్‌ఈ ఉదయం 11.40కి ఆగిపోయి మధ్యాహ్నం 3.45కు తిరిగి తెరుచుకుంది. మధ్యలో నాలుగు గంటలు పొజిషన్లు పట్టుకుని కూర్చున్నవారికి రెక్కల విలువ అప్పుడు తెలిసింది. రెండో బ్రోకర్ దగ్గర ఖాతా, ఇంట్లో రెండో ఇంటర్నెట్, బ్రోకర్ డీలింగ్ డెస్క్ నంబరు ఫోన్‌లో కాకుండా కాగితం మీద. ఇంతే.

ఇక ఉద్యోగం. సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, సగటున ఒక్కొక్కరికి దాదాపు రూ.2 లక్షలు. మీరు ఆ 7 శాతంలో ఉండవచ్చు, కాదనను. కానీ జీతం ఆగిన రోజున మీ ట్రేడింగు మారుతుంది. ఇప్పుడు వారం ఖాళీగా ఉండగలరు. అప్పుడు ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు ఆ వారం ప్రీమియం కావాలి. కావాలన్న మనిషి మంచి ధర కోసం ఆగడు, స్ట్రైకును సూచీకి దగ్గరగా జరుపుతాడు. నా బల్ల మీదికి వచ్చిన ఖాతాల్లో చాలావాటికి ఆ వాసన ఉండేది.

వచ్చే ఎక్స్‌పైరీ అయ్యాక, కొత్త పొజిషన్ పెట్టకముందు, ఇప్పటి ఆరు లాట్ల స్ట్రాంగిల్‌కు ఆ 21 గడుల పట్టిక వేయండి. మైనస్ 6 శాతం, వీఐఎక్స్ రెండు రెట్లు అన్న గడిలో ఎంత వచ్చిందో ఇంట్లో మీ భార్యకో, తండ్రికో చూపించండి. వాళ్లు ఏమన్నారో నాకు రాయండి, ఉద్యోగం మాట అప్పుడు మాట్లాడుకుందాం.